ప్రింటరు సరే, ఇంకు ఎక్కడ కొనాలి?

2003 ఆగస్టు నాటి మాట. అప్పట్లో మేం టెక్సస్‌లోని ఆస్టిన్‌లో ఉండేవాళ్ళం. ఊరికి ఉత్తరంగా ఇరవై మైళ్ళు పోతే రౌండ్‌రాక్, అక్కడే డెల్ ప్రధాన కార్యాలయం. మైకేల్ డెల్ అనే కుర్రాడు 1984లో ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీలో చదువుకుంటూ, తనుండే గదిలోనే వెయ్యి డాలర్లతో మొదలుపెట్టిన వ్యాపారం అది. 2003 మార్చిలో డెల్ తన పేరు మీద ప్రింటర్లు అమ్మడం మొదలెట్టింది. జులై వచ్చేసరికి కంపెనీ పేరులోంచి ‘కంప్యూటర్’ అన్న మాటే తీసేసింది. ఇక కంప్యూటర్లొక్కటే అమ్మం, అన్నీ అమ్ముతాం అని చెప్పడం అన్నమాట.

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో ప్రింటర్ మూలపడింది. తమ్ముడు కిశోర్ డెల్ కొందామన్నాడు. మా ఆవిడ సుజాత వద్దంది. డబ్బు కట్టేవాణ్ణి నేను కాబట్టి నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇద్దరి వాదనా విన్నంత మేరకు ఇక్కడ పెడుతున్నాను. కిశోర్ ప్రోగ్రామర్, కాంట్రాక్టు అయిపోయి బెంచ్ మీద ఉన్నాడు, రోజూ రెజ్యూమేలు పంపుతున్నాడు. సుజాత విజయవాడలో ప్రింటింగ్ ప్రెస్ నడిపినాయన కూతురు. ఈ రెండు సంగతులూ గుర్తుంటే చాలు.

కిశోర్: వదినా, ఒక్కసారి ఇటు చూడండి. డెల్ ఏ940. ప్రింటింగు, స్కానింగు, కాపీ, మూడూ ఒకే పెట్టెలో. నూట ముప్పై తొమ్మిది డాలర్లు. మొన్న నా వీసా కాగితాలు కాపీ తీయడానికి లైబ్రరీకి వెళ్ళి, పాస్‌పోర్టులో ఖాళీ పేజీలతో సహా ఒక్కో పేజీకీ పది సెంట్లు పోసుకుంటూ నిలబడ్డాం కదా. ఆ పని ఇంట్లోనే అయిపోతుంది.

సుజాత: డెల్ వాళ్ళు ప్రింటర్లు ఎప్పటి నుంచి తయారు చేస్తున్నారు?

కిశోర్: తయారు చెయ్యరు. లెక్స్‌మార్క్ తయారుచేసి ఇస్తుంది, డెల్ అమ్ముతుంది. నిరుడు సెప్టెంబరులో ఇద్దరికీ ఒప్పందం కుదిరింది.

సుజాత: అయితే ఇది లెక్స్‌మార్క్ ప్రింటరే. రంగు మార్చి, డెల్ బొమ్మ అంటించారు.

కిశోర్: అంటిస్తే తప్పేముంది? హెచ్‌పీ లేజర్ ప్రింటర్లని మీరు మెచ్చుకుంటుంటారు. వాటిలో తిరిగే యంత్రం కేనన్ వాళ్ళది. మొదటి లేజర్‌జెట్ 1984లో వచ్చినప్పటి నుంచీ అంతే. దాన్నెవరూ కేనన్ ప్రింటర్ అనడం లేదుగా. లెక్స్‌మార్క్ కూడా నిన్న మొన్న పుట్టిన కంపెనీ కాదు. అది ఐబీఎం టైపురైటర్లూ ప్రింటర్లూ చేసిన విభాగమే, 1991లో వేరుపడింది.

సుజాత: సరే, ఆ మాట ఒప్పుకుంటాను. మా నాన్న ప్రెస్సులో ఉన్న ట్రెడిల్ మీద ఎవరి పేరుందో, దాన్ని పోతపోసింది ఎవరో మాకూ తెలియదు. అచ్చు బాగా పడేది, అంతే చూసుకున్నాం.

(ఆవిడ ఇంత త్వరగా ఒప్పుకుందంటే, అసలు ఆయుధం వెనకాల దాచుకుందని నాకు తెలుసు. తమ్ముడికి తెలియదు.)

కిశోర్: ఇంకో లాభం చెప్తాను. మన పాత ప్రింటర్ మొరాయించినప్పుడు ఏమైంది? ప్రింటర్ కంపెనీకి ఫోన్ చేస్తే, మీ కంప్యూటర్‌లో ఏదో తేడా ఉంది, వాళ్ళనడగండి అన్నారు. కంప్యూటర్ వాళ్ళని అడిగితే ప్రింటర్ డ్రైవర్ తప్పన్నారు. అన్నయ్య ఒక శనివారమంతా ఫోన్ చెవిన పెట్టుకుని ఆ సంగీతం వింటూ కూర్చున్నాడు. కంప్యూటరూ ప్రింటరూ ఒకరివే అయితే ఆ బంతాట ఉండదు. ఒకే నంబరు, ఒకే బాధ్యత. ఏడాది వారంటీలో చెడిపోతే ఇంకోటి పంపుతారు.

సుజాత: ఇది మంచి మాటే. మిగతా వాటికంటే ఇదే బలమైన మాట. కంపెనీలకి ఫోన్ చేసి గంటలకొద్దీ గడిపేవాళ్ళు నూట ముప్పై తొమ్మిదిలో సగం ఈ ఒక్కదానికే ఇవ్వొచ్చు. ఇప్పుడు నా ప్రశ్న. దీంట్లో ఇంకు అయిపోతే ఎక్కడ కొంటాం?

కిశోర్: డెల్ దగ్గరే. ఇంకు తగ్గుతుంటే కంప్యూటర్ తెర మీద ఎంత మిగిలిందో చూపిస్తుంది. ఒక నొక్కు నొక్కితే డెల్ వెబ్‌సైట్‌కి తీసుకెళ్తుంది. ఆర్డరిస్తే ఇంటికొస్తుంది. ఖాళీ కాట్రిడ్జ్ తిరిగి పంపడానికి తపాలా ఖర్చు కూడా వాళ్ళదే.

సుజాత: బజార్లో?

కిశోర్: బజార్లో దొరకదు. డెల్ ఏదీ బజార్లో అమ్మదు కదా వదినా. అదే వాళ్ళ పద్ధతి. మధ్యలో దుకాణం లేదు కాబట్టే ధర తక్కువ.

సుజాత: కంప్యూటర్ మూడు నాలుగేళ్ళకొకసారి కొంటాం. దాన్ని పెట్టెలో పెట్టి ఇంటికి పంపితే నాకూ హాయే. ఇంకు అలా కాదు. పిల్లాడి స్కూలు కాగితం రేపు పొద్దున ఇవ్వాలంటే ఈ రాత్రి తొమ్మిదింటికి అయిపోతుంది. అప్పుడు నేను కారు తీసి వాల్‌మార్ట్‌కో స్టేపుల్స్‌కో వెళ్ళి తెచ్చుకోవాలి. నీ డెల్ కాట్రిడ్జ్ ఆ అరల్లో ఉండదు. పోనీ, ప్రింటర్ లెక్స్‌మార్క్‌దే కదా, లెక్స్‌మార్క్ కాట్రిడ్జ్ పెడతానంటే?

కిశోర్: పట్టదు.

సుజాత: ఎందుకు పట్టదు? లోపల ఇంకు వేరా?

కిశోర్: లోపల ఒకటే అంటున్నారు. పైన ప్లాస్టిక్ మూత ఆకారం మార్చారు. డెల్ ప్రింటర్‌లో డెల్ మూత ఉన్న కాట్రిడ్జే కూర్చుంటుంది.

సుజాత: అదీ సంగతి! అంకుశం ధరకి ఏనుగునిచ్చి, చెరకు మాత్రం మా కొట్లోనే కొనాలన్నట్టుంది. కిశోర్, మా నాన్న ప్రెస్సులో రెండు యంత్రాలుండేవి. నల్ల సిరా డబ్బాల్లో వచ్చేది, కిలోల లెక్కన. ఒక కొట్టువాడు ధర పెంచితే, ఇంకో కొట్టుకి కుర్రాణ్ణి పంపేవాళ్ళం. పెళ్ళిళ్ళ సీజన్‌లో పసుపూ ఎరుపూ కరువొస్తే పక్క ప్రెస్సు వాళ్ళని అరువడిగేవాళ్ళం. ఏ యంత్రం తయారు చేసినవాడూ వచ్చి, మా సిరా తప్ప వేరేది పోస్తే యంత్రం తిరగదు అనలేదు. అన్నవాడి యంత్రం విజయవాడలో ఒక్కటి కూడా అమ్ముడుపోయేది కాదు.

కిశోర్: ఆ యంత్రం ధరెంతుండేది?

సుజాత: నాన్న బ్యాంకు అప్పు తీసుకున్నాడు.

కిశోర్: అదిగో. యంత్రం మీద లాభం వాడికి ముందే వచ్చేసింది, కాబట్టి సిరా ఎక్కడైనా కొనుక్కోమన్నాడు. ఇక్కడ యంత్రం మీద ఎవరికీ ఏమీ మిగలదు. స్కానరూ, మోటార్లూ, గాజు పలకా అన్నీ కలిపి నూట ముప్పై తొమ్మిదికి ఇచ్చి, ఇంకు మీద రాబట్టుకుంటున్నారు. హెచ్‌పీ అయినా, ఎప్సన్ అయినా, కేనన్ అయినా చేసేదిదే. నిరుడు హెచ్‌పీ ప్రింటర్ల విభాగం అమ్మకాలు ఇరవై బిలియన్ డాలర్లు దాటాయి. కంప్యూటర్ల మీద వాళ్ళకి మిగిలేది అంతంత మాత్రం. ఆ ఇల్లు నడుస్తున్నదే ఇంకు మీద. డెల్ ఈ వ్యాపారంలోకి దిగడం ఆ మూలాన్ని కొట్టడానికే. అందుకే డెల్ సొంత ప్రింటర్లు తెస్తోందని తెలియగానే, నిరుడు జులైలో హెచ్‌పీ తన ప్రింటర్లని డెల్‌కి ఇవ్వడం మానేసింది. ఇద్దరు పెద్దవాళ్ళు కొట్టుకుంటే ధర తగ్గి మనకే లాభం.

సుజాత: ప్రింటర్ ధర తగ్గుతుంది. ఇంకు ధర ఎందుకు తగ్గుతుంది? కొట్టుకునేది ఇంటి గుమ్మం దాకానే. ఎవరి ప్రింటర్ ఇంట్లోకొస్తే ఆ తర్వాత వాడికి పోటీయే ఉండదు. డెల్ వచ్చి, అందరి కాట్రిడ్జులూ మా ప్రింటర్‌లో పడతాయని అనుంటే, ఈపాటికి ఫోన్ నేనే చేసి ఆర్డర్ ఇచ్చేదాన్ని. కొత్తగా వచ్చినవాడు కూడా పాతవాళ్ళ తాళమే ఇంకాస్త బిగించి వేశాడు. హెచ్‌పీ కాట్రిడ్జ్ కనీసం ఏ ఊళ్ళో అయినా, ఏ షాపులో అయినా దొరుకుతుంది.

ఇక్కడ కాసేపు మాటలు ఆగాయి. కిశోర్ లేచి పాత ప్రింటర్ మూత తెరిచాడు. ఆ ప్రింటర్ ఏ కంపెనీదో చెప్పను. పోయినదాని గురించి చెడ్డగా మాట్లాడకూడదు. కిందటి నెలలో హ్యూస్టన్ దగ్గర పియర్‌ల్యాండ్‌లో ఉన్న మీనాక్షి గుడికి వెళ్తూ, మ్యాప్‌క్వెస్ట్‌లో దారి వెతికి దీంట్లోనే ప్రింట్ తీశాం. అక్షరాల మధ్య అడ్డంగా తెల్లటి చారలు పడ్డాయి. సరిగ్గా హ్యూస్టన్‌లో ఏ ఎగ్జిట్ తీసుకోవాలో ఆ నంబరు మీదుగానే ఒక చార. ఇరవై మైళ్ళు చుట్టు తిరిగి, హారతి అయిపోయాక చేరాం. కిశోర్ ఆ కాగితాన్ని ఇంకా దాచాడు. దాన్ని తెచ్చి వదిన ముందు పెట్టాడు.

కిశోర్: ఈ చారలు ఎందుకు పడ్డాయో తెలుసా? ఇంకు అయిపోయి కాదు. ఈ ప్రింటర్‌లో ఇంకు చిమ్మే తల యంత్రానికే బిగించి ఉంటుంది. కాట్రిడ్జ్ అంటే ఉత్త ఇంకు తొట్టె. మనం మూడు వారాలు ప్రింట్ తీయకపోతే ఆ తలలో వెంట్రుకంత రంధ్రాల్లో ఇంకు ఎండిపోతుంది. శుభ్రం చెయ్యమని మీట నొక్కితే, ఉన్న ఇంకుని ఆ రంధ్రాల్లోంచి లాగి, కింద ఉన్న స్పాంజిలోకి పారబోస్తుంది. మీరు మూడుసార్లు నొక్కారు. కాగితం మీద ఒక్క అక్షరం పడకుండానే కాట్రిడ్జ్‌లో సగం అయిపోయింది.

సుజాత: మూడుసార్లు కాదు, రెండుసార్లే. తర్వాత?

కిశోర్: డెల్ కాట్రిడ్జ్‌లో తల దానితోనే వస్తుంది. ఇదిగో, ఈ బొమ్మలో చూడండి, వెనకాల ఈ రాగి రేకులు. ప్రింటర్ అక్కణ్ణించి కరెంటు పంపుతుంది. సూది మొనకంటే చిన్న గదిలో ఉన్న ఇంకు, సెకనులో పదిలక్షల వంతులు కొన్నింటిలోనే కుతకుతా మరిగి బుడగ కడుతుంది. ఆ బుడగ తోసిన చుక్క కాగితం మీద పడుతుంది. హెచ్‌పీ, కేనన్, లెక్స్‌మార్క్ అందరిదీ ఇదే కిటుకు. ఎప్సన్ మాత్రం మరిగించదు, స్ఫటికాన్ని వంచి తోస్తుంది. తల కాట్రిడ్జ్‌తోనే వస్తే, ఎండిపోయినా మనకేం భయం? పాతది తీసి కొత్తది పెడితే తలా కొత్తదే. మనలాగా నెలకి పది కాగితాలు తీసేవాళ్ళకి ఇదే మంచిది. కాట్రిడ్జ్ ఖరీదెక్కువ ఉండటానికి ఇదొక కారణం.

సుజాత: ఇది నాకు తెలియదు. నేను కొందామనుకున్నది ఈ పాతదాని చెల్లెలే. నువ్వు చెప్పాక అది మాత్రం కొనను.

(మా ఇంట్లో ఇలాంటి మాట వినడం అరుదు. తేదీ వేసి రాసుకోవలసింది.)

కిశోర్: అయితే డెల్?

సుజాత: ఉండు. తల కాట్రిడ్జ్‌తో వచ్చేవి హెచ్‌పీలోనూ ఉన్నాయన్నావు. దానికోసం డెల్ దగ్గరికే వెళ్ళక్కర్లేదు. లెక్క చూద్దాం. ఒక నల్ల కాట్రిడ్జ్ ముప్పై డాలర్లు, ఆరువందల పేజీలు వస్తాయనుకుందాం. పేజీకి ఎంత?

కిశోర్: ఐదు సెంట్లు. లైబ్రరీలో సగం ధర.

సుజాత: ఆ ఆరువందల పేజీలు ఎలాంటివి?

కిశోర్: కాగితంలో వందకి ఐదు వంతుల మేర నలుపుంటే అన్న లెక్క. అందరూ అదే కొలత వాడతారు.

సుజాత: అంటే చిన్న ఉత్తరం ముక్క. నీ రెజ్యూమే చూడు, ఎడం అంచు నుంచి కుడి అంచు దాకా జావా, ఒరాకిల్ అని కిక్కిరిసి ఉంటుంది. అది రెండింతలు తాగుతుంది. ఇక రంగుది. నీలం, గులాబీ, పసుపు మూడూ ఒకే డబ్బాలో. పిల్లాడు ఆకాశం బొమ్మలు తీస్తే నీలం అయిపోతుంది. పసుపు నిండుగా ఉన్నా డబ్బా పారెయ్యాల్సిందే. మా ప్రెస్సులో నీలం డబ్బా అయిపోయిందని పసుపు డబ్బా ఎవరైనా చెత్తకుండీలో వేస్తే, మా నాన్న వాణ్ణి ఆ పూటే లెక్క తేల్చి పంపేసేవాడు.

కిశోర్: ఖరీదైనదే, కాదనను.

సుజాత: ఖరీదంటే మామూలుగానా? ఇంగ్లండులో విచ్ అనే వినియోగదారుల పత్రిక కిందటి నెలలోనే లెక్క కట్టి వేసింది. ప్రింటర్ ఇంకు మిల్లీలీటరు ధర, 1985 నాటి డోం పెరిన్యోన్ షాంపేన్ కంటే ఏడింతలు ఎక్కువట. పైగా ఎప్సన్ కాట్రిడ్జులు అయిపోయాయని యంత్రం చెప్పాక కూడా లోపల ఇంకా ఇంకు ఉంది. మరో ముప్పై ఎనిమిది శాతం దాకా పేజీలు తీయగలిగారు. అయిపోయిందని చెప్పేదీ వాళ్ళ చిప్పే, అమ్మేదీ వాళ్ళే. నీ డెల్ తెర మీద కనిపించే ఆ ఇంకు గీత కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

కిశోర్: డెల్ మీద అలాంటి ఫిర్యాదు లేదు వదినా. ఒకరు చేశారని అందర్నీ అనకండి.

సుజాత: సరే, అనను. లెక్స్‌మార్క్ కోర్టు కేసు సంగతి? అది ఈ ప్రింటర్ తయారుచేసేవాళ్ళదే కదా.

కిశోర్: అది లేజర్ ప్రింటర్ల గొడవ. మనకి సంబంధం లేదు.

సుజాత: అయినా చెప్పు.

కిశోర్: లెక్స్‌మార్క్ తన టోనర్ కాట్రిడ్జుల్లో చిన్న చిప్ పెట్టింది. ప్రింటర్ ఆ చిప్‌ని పలకరిస్తుంది, సరైన జవాబు రాకపోతే పని చెయ్యదు. నార్త్ కరోలినాలో స్టాటిక్ కంట్రోల్ అనే కంపెనీ ఆ జవాబు ఇవ్వగలిగే చిప్ తయారుచేసి, కాట్రిడ్జులు మళ్ళీ నింపేవాళ్ళకి అమ్మింది. సినిమాలూ పాటలూ దొంగ కాపీలు తీయకుండా 1998లో తెచ్చిన కాపీరైట్ చట్టం ఉంది కదా, దాని కింద లెక్స్‌మార్క్ కేసు వేసింది. ఈ ఫిబ్రవరిలో కెంటకీ కోర్టు ఆ చిప్‌లు అమ్మొద్దని ఉత్తర్వు ఇచ్చింది. పై కోర్టులో ఇంకా నడుస్తోంది.

సుజాత: టోనర్ నింపుకోవడానికి సినిమా దొంగల చట్టం! ఇలాంటి ఆలోచన ఉన్నవాళ్ళు చేసిన ప్రింటర్‌ని, బజార్లో దొరకని కాట్రిడ్జ్‌తో కొనమంటున్నావు. యూరప్ వాళ్ళు నయం. పాత ఎలక్ట్రానిక్ సామాన్ల మీద ఈ జనవరిలో తెచ్చిన చట్టంలో, తిరిగి వాడుకోడానికి వీల్లేకుండా కంపెనీలు కావాలని అడ్డంకులు పెట్టకూడదని ఒక మాట చేర్చారు.

కిశోర్: వదినా, మీరు చట్టాల మీద పోట్లాడుతున్నారు. నాకు రేపు సాయంత్రానికి మూడు రెజ్యూమేలు కావాలి. ఆ తర్వాత మన బుజ్జిగాడి మొదటి రోజు స్కూలు ఫొటోలు తెనాలి పంపాలి. అమ్మ ఎదురుచూస్తుంటుంది. డిజిటల్ కెమెరా కొన్నది ఎందుకు, ఫొటోలు కంప్యూటర్‌లో దాచుకోవడానికా?

సుజాత: ఫొటోలు ఇంట్లో తీయకు. మెరుపు కాగితం డబ్బులు, రంగు ఇంకు డబ్బులు కలుపుకుంటే ఒక్కోదానికి డాలరు దాకా అవుతుంది. వాల్‌గ్రీన్స్‌కి కార్డు తీసుకెళ్తే ముప్పై సెంట్ల చుట్టూ అవుతుంది. అసలైన ఫొటో కాగితం మీద, రసాయనాలతో కడిగి ఇస్తారు. ఇంక్‌జెట్ ఫొటో మీద తడి చెయ్యి పడితే రంగు చేతికొచ్చేస్తుంది. అత్తయ్య ఒకసారి ముద్దు పెట్టుకుంటే బుజ్జిగాడి బుగ్గ పోతుంది.

ఈ మాటకి కిశోర్ కూడా నవ్వాడు. నిజానికి అతని వాదన సగం ఫొటోల మీదే నిలబడి ఉంది. రంగు అక్కర్లేదన్నాక, నూట ముప్పై తొమ్మిది డాలర్ల పెట్టెలో మిగిలింది నల్ల అక్షరాలూ, స్కానరూ. సుజాత గోడ క్యాలెండర్ తీసి, వెనక వైపు రాయడం మొదలుపెట్టింది: దారి చూపే కాగితాలు, రెజ్యూమేలు, వీసా కాపీలు, ఆదివారం తెలుగు బడిలో పిల్లలకిచ్చే అక్షరాలు. ఒక్కదానికీ రంగు అక్కర్లేదు. తెలుగు బడి కాగితాల్లో గుణింతాలు రాయడానికి వేసే గీతలు కూడా నలుపే.

సుజాత: మన పనంతా నల్లదే. అలాంటప్పుడు ఇంకు ఎందుకు? లేజర్ కొందాం. రెండువందల డాలర్ల చుట్టుపక్కల చిన్నవి వస్తున్నాయిప్పుడు. టోనర్ అంటే పొడి, ఎండిపోయేది ఏముంది? ఆర్నెల్లు వాడకపోయినా, ఏడో నెలలో మొదటి కాగితం చక్కగా వస్తుంది. ఒక టోనర్‌తో రెండు మూడు వేల పేజీలు. స్కానరు విడిగా కొనుక్కోవచ్చు, వంద డాలర్ల లోపే.

కిశోర్: అంటే నూట ముప్పై తొమ్మిది వద్దని మూడువందలు పెట్టిస్తారు. బల్ల మీద ఒక పెట్టె బదులు రెండు పెట్టెలు. లేజర్ కొన్నప్పుడు లోపల పెట్టేది నిండు టోనర్ కాదు, పిల్ల టోనర్, అది కూడా తెలుసుకోండి.

సుజాత: తెలుసు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో రాస్తారు, చదివాను. రిబేట్ కాగితం కూడా చదివాను.

కిశోర్: రిబేట్ సంగతి మీరే ఎత్తారు, మంచిదైంది. ఈ షాపుల్లో ప్రింటర్ కొంటే ఇప్పుడు రెండువందలు కట్టాలి, డబ్బా మీద చారల గుర్తు కత్తిరించి, రసీదు కాపీ తీసి పోస్టు చేస్తే, పది వారాలకి యాభై వెనక్కి వస్తుంది. వస్తే. ఆ కాపీ తీయడానికి కూడా కాపీ మిషను కావాలి! డెల్‌లో ఈ గోల లేదు, ధర ధరే.

సుజాత: నీకు తెలుసుగా, నేను పంపిన రిబేట్ ఒక్కటి కూడా రాకుండా పోలేదు. కాపీలు దాస్తాను, తారీఖులు రాస్తాను, ఫోన్ చేసి అడుగుతాను. అది నా మీద వదిలెయ్. నేను అడిగేది ఒకటే. ఈ కంపెనీ మూడేళ్ళ తర్వాత ప్రింటర్లు అమ్మడం లాభం లేదనుకుందనుకో, మన కాట్రిడ్జ్ ఎవరమ్ముతారు? హెచ్‌పీ పోయినా, దాని కాట్రిడ్జులు పదేళ్ళ దాకా పాత అరల్లో దొరుకుతాయి. డెల్‌ది ఏ అరలోనూ లేదు.

కిశోర్: డెల్ ఎక్కడికీ పోదు వదినా.

సుజాత: డెల్ పోదు. ప్రింటర్లు పోవచ్చు.

కిశోర్‌కి చివరిదాకా ఒక మాట మీద పట్టు సడలలేదు: ఒకే కంపెనీ అయితే ఒకే ఫోన్. అందులో నిజముంది. కంప్యూటర్ గురించి ఏమీ తెలియని పెద్దవాళ్ళింట్లో, ఎవరూ దగ్గర లేనిచోట, ఆ సుఖానికి ఇంకు మీద ఎక్కువ కట్టడంలో తప్పు లేదనే ఇప్పటికీ అనుకుంటాను. అప్పుడే కాలేజీలో చేరబోయే పిల్లవాడికి డెల్ కంప్యూటర్‌తో కలిపి తక్కువలో ఇస్తే, అదీ ఫర్వాలేదు. నాలుగేళ్ళయ్యాక రెండూ వదిలేసి వెళ్తాడు. మా సంగతి వేరు. మా ఇంట్లో ప్రింటర్ నెలకి మూడువారాలు ఊరికే కూర్చుంటుంది, తీసేదంతా నలుపు, అవసరం వచ్చేది ఎప్పుడూ రాత్రి తొమ్మిది తర్వాతే. సుజాత చెప్పినట్టు నల్ల లేజరూ, విడిగా స్కానరూ తీసుకున్నాం. డెల్ ఏ940 చెడ్డ ప్రింటర్ అని నేననను. ఆ ధరకి మూడు పనులు చేసే పెట్టె ఆ రోజుల్లో బేరమే. దాని ఇంకుకి ఒకే ఒక్క కొట్టు ఉండటం నాకు నచ్చలేదు, అంతే.

తర్వాత ఏం జరిగిందంటే, 2004 అక్టోబరులో పై కోర్టు కెంటకీ కోర్టు ఉత్తర్వుని కొట్టేసింది. డెల్ కొన్నేళ్ళకి తన కాట్రిడ్జులని దుకాణాల్లో కూడా పెట్టింది, ఆ తర్వాత ప్రింటర్ల వ్యాపారంలోంచే తప్పుకుంది. డెల్‌కి ఇంక్‌జెట్లు చేసిచ్చిన లెక్స్‌మార్క్, 2012 ఆగస్టులో ఇంక్‌జెట్ల తయారీయే మానేస్తున్నట్టు ప్రకటించింది. 2017 మే 30న అమెరికా సుప్రీంకోర్టు, లెక్స్‌మార్క్ ఇంకో కంపెనీ మీద వేసిన కేసులో, ఒకసారి అమ్మిన కాట్రిడ్జ్ మీద కంపెనీకి పేటెంటు హక్కు మిగలదని తీర్పు చెప్పింది. కొన్నవాడు దాన్ని నింపుకోవచ్చు, నింపి అమ్ముకోవచ్చు.

కాకపోతే ఆ తీర్పు పేటెంటు వరకే. వేరేవాళ్ళ చిప్ కనిపిస్తే పనిచెయ్యనని ప్రింటర్‌లోని సాఫ్ట్‌వేరే మొండికేస్తే, దానికి ఆ తీర్పు అడ్డం రాదు. ఇవాళ ఏ కంపెనీ ప్రింటర్ కొనబోయినా, ధర అడగడానికి ముందు, దాని ఇంకు మీ ఊళ్ళో ఎన్ని కొట్లలో దొరుకుతుందో, ఇంకో కంపెనీది పోస్తే ఒప్పుకుంటుందో లేదో షాపువాణ్ణి అడగండి. జవాబు చెప్పడానికి నసిగితే, పక్క ప్రింటర్ చూడండి.